ఊపిరా, గుండెనా? హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ నుంచి ట్రోపోనిన్ దాకా

1

విజ్ఞానశాస్త్రానికి దేశం లేదు, వర్గం లేదు, అది నిష్పాక్షికం అనే మాట తరచూ వింటుంటాం. ప్రయోగంలో తేలిన సత్యం నవాబుకైనా, నాగలి పట్టినవాడికైనా ఒకటే కదా అంటారు. సత్యం ఒకటే, కాదనం. కాని ఏ ప్రశ్న ముందు అడగాలి, ఎవరి డబ్బుతో అడగాలి, ఎవరి శరీరం మీద అడగాలి, జవాబు దొరికిందని ఎప్పుడు చాటాలి? ఇవి ప్రయోగశాల నాలుగు గోడల మధ్య తేలే సంగతులు కావు. సమాజంలో ఎవరి చేతిలో అధికారం ఉందో వాళ్లు తేల్చే సంగతులు. ఈ మాటకు రుజువు కోసం ఎక్కడికో వెళ్లనక్కరలేదు. 1889లో హైదరాబాదులో జరిగిన ఒక వైద్య పరిశోధన చరిత్రను తిరగేస్తే చాలు. ఆ చరిత్ర అక్కడితో ముగిసిపోలేదు. ఇవాళ గుండె బైపాస్ ఆపరేషన్ బల్ల దాకా దాని దారం సాగివచ్చింది.

2

1847 నవంబరులో ఎడింబరో నగరంలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే వైద్యుడు క్లోరోఫారాన్ని మత్తుమందుగా ప్రకటించాడు. అంతకుముందు ఏడాది అమెరికాలో ఈథర్ వచ్చింది. కాని ఈథర్ అంటుకుని మండేది, దాని ఘాటుకు దగ్గు వచ్చేది. క్లోరోఫారం తియ్యని వాసన వేసేది. ఒక గుడ్డ మీద కొన్ని చుక్కలు వేసి ముక్కు దగ్గర పెడితే చాలు, మనిషి నిద్రలోకి జారిపోయేవాడు. నొప్పి మీద మానవుడు సాధించిన విజయంగా దాన్ని కీర్తించారు. ఆ కీర్తిలో అబద్ధం లేదు కూడా.

కాని మూడు నెలలు తిరక్కముందే, 1848 జనవరి 28న, ఇంగ్లండు ఉత్తరాన న్యూకాజిల్ దగ్గర హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలి గోరు తీయించుకోబోయి క్లోరోఫారంతో చనిపోయింది. గోరు తీయడానికి ప్రాణం పోవడమా? అప్పటినుంచి అలాంటి మరణాలు అక్కడక్కడా జరుగుతూనే వచ్చాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, చిన్న ఆపరేషన్లకు వచ్చినవాళ్లు, మత్తు పూర్తిగా ఎక్కకముందే ఉన్నట్టుండి పోయేవాళ్లు.

ఈ మరణాలు ఎలా జరుగుతున్నాయి? ఇక్కడే వైద్యలోకం రెండుగా చీలింది. లండన్‌లో జాన్ స్నో అనే వైద్యుడు చిక్కటి ఆవిరి ఒక్కసారిగా గుండెను దెబ్బతీస్తుందన్నాడు. గాలిలో క్లోరోఫారం పాలు ఎంతో కొలిచి ఇవ్వాలన్నాడు. కలరా నీటిద్వారా వ్యాపిస్తుందని నిరూపించిన స్నో ఇతనే. ఎడింబరోలో జేమ్స్ సైమ్ శిష్యులు మాత్రం గుండెకు ఏమీ కాదు, ముందు ఆగేది ఊపిరే అన్నారు. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, నాడి చూడనక్కరలేదన్నారు. ఒక వర్గం వేళ్లు నాడి మీద, రెండో వర్గం కళ్లు ఛాతీ మీద. ఈ వాదన నలభై ఏళ్లు సాగింది. 1880లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ నియమించిన గ్లాస్గో కమిటీ క్లోరోఫారం గుండె మీద కూడా పనిచేస్తుందని తేల్చింది. ఎడింబరో వాళ్లు ఒప్పుకోలేదు.

3

ఆ తగువు తీర్చే బాధ్యత హైదరాబాదు నెత్తికెత్తుకుంది. ఎందుకు?

బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్‌గా, హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతిగా ఎడ్వర్డ్ లారీ ఇక్కడ ఉన్నాడు. అతను సైమ్ శిష్యుడు. తన చేతుల మీదుగా వేల మందికి క్లోరోఫారం ఇచ్చామనీ, గురువు చెప్పినట్టు ఊపిరినే చూశామనీ, ప్రమాదం లేదనీ అతని ధీమా. 1888లో మొదటి కమిషన్ వేసి వీధికుక్కల మీద ప్రయోగాలు చేయించాడు. ఫలితం అతను అనుకున్నట్టే వచ్చింది. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌన్లు ఇస్తాం, మీ మనిషినే పంపించండి, మళ్లీ చేసి చూపిస్తాం అంది. లాన్సెట్ లాడర్ బ్రంటన్‌ను పంపింది.

బ్రంటన్ సామాన్యుడు కాడు. 1867లోనే గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ పీల్పించి ఉపశమనం కలిగించినవాడు. క్లోరోఫారం గుండెను ఆపగలదని నమ్ముతూనే ఓడ దిగాడు. 1889 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ప్రయోగాలు జరిగాయి. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు మొత్తం 490 జంతువులని, అందులో 120 వాటిమీద రక్తపు ఒత్తిడి కొలిచామని బ్రంటన్ లండన్‌కు తంతి పంపాడు. ప్రమాదమంతా ఊపిరాడకపోవడం వల్ల, మోతాదు మించడం వల్లేననీ, గుండెకు నేరుగా ఏ హానీ లేదనీ దాని సారాంశం. వచ్చినప్పుడు ఒక మాట, పోయేటప్పుడు ఒక మాట. లారీ గెలిచాడు. 1890లో లాన్సెట్ ఆ నివేదికను అచ్చువేసింది. ప్రపంచంలోని వైద్యులందరి నోటా హైదరాబాదు పేరు నానింది.

ఈ కథలో చెప్పుకోదగ్గ మంచి లేకపోలేదు. ఒక ఆసియా నగరంలో, అంత పెద్దయెత్తున, కొలతలతో, రికార్డులతో శరీరధర్మ పరిశోధన జరగడం ఆ రోజుల్లో అరుదు. లారీ ఆడపిల్లలను వైద్య పాఠశాలలో చేర్చుకున్నాడు. 1885లో చేరినవాళ్లలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్శీ యువతి ఉంది. ఆమె క్లోరోఫారం ఇవ్వడంలో ఆరితేరి, ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరుగా చరిత్రకెక్కింది. పరదా చాటున మగవైద్యుడు చెయ్యి వేయలేని స్త్రీలకు ఆమె వంటివాళ్లు ఎంత ఆసరా అయివుంటారో ఊహించుకోవచ్చు. కాని కమిషన్ ఘనత చెప్పేటప్పుడు నిజాం పేరు, లారీ పేరు, బ్రంటన్ పేరు వినిపించినంతగా ఆమె పేరు వినిపించదు. ఇది యాదృచ్ఛికం కాదు.

మరికొన్ని సంగతులు కూడా గమనించాలి. ఆ వెయ్యి పౌన్లు నిజాం సొంత చెమటతో సంపాదించినవి కావు. జాగీర్ల కింద, వెట్టి కింద నలుగుతున్న రైతాంగం కట్టిన శిస్తులోంచి పోయినవి. తగువు ఎడింబరోది, లండన్‌ది. ఖర్చు తెలంగాణ, మరట్వాడా, కన్నడ పల్లెలది. పల్లెకు వైద్యుడు లేని రాజ్యం, బ్రిటిష్ వైద్యుల మధ్య పందెం తీర్చడానికి ఖజానా తెరిచింది. వీధికుక్కకు ఆనాటి ఇంగ్లీషువాడు పెట్టిన పేరు కూడా చూడండి: 'పెరియా' కుక్క. ఊరి వెలుపలికి నెట్టిన ఒక దళిత కులం పేరును కుక్కకు తగిలించి, ఆ పేరును శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కించారు. భాష ఎవరిదో, చూపు ఎవరిదో ఆ ఒక్క మాటే చెబుతుంది.

4

అయితే కమిషన్ తేల్చింది నిజమేనా? ఇదీ అసలు ప్రశ్న.

కాదని త్వరలోనే తేలింది. ఆ ప్రయోగాలు జరుగుతున్న కాలంలోనే అబర్దీన్‌లో మక్‌విలియం క్లోరోఫారంతో గుండె కండరం నీరసించి వ్యాకోచించడం చూశాడు. 1893లో కేంబ్రిడ్జికి చెందిన గాస్కెల్, షోర్‌లు ఒక జంతువు మెదడుకు మరో జంతువు రక్తం అందేలా కలిపి, హైదరాబాదు తీర్పును పరీక్షించి, క్లోరోఫారం గుండెనే నేరుగా దెబ్బతీస్తుందని చూపారు. 1911లో గుడ్‌మన్ లెవీ చిక్కుముడి విప్పాడు. తేలిక మత్తులో ఉన్న పిల్లికి అడ్రినలిన్ ఇస్తే గుండె గదులు గిలగిల కొట్టుకుని ఆగిపోయాయి. భయపడిన మనిషి రక్తంలో ఉండేది కూడా ఈ అడ్రినలినే. కాలిగోరుకు వచ్చి వణికిపోతున్న పిల్ల, మత్తు సగమే ఎక్కి, ఉన్నట్టుండి ఎందుకు పోయిందో అప్పుడు అర్థమైంది.

మరి ఇన్ని వందల జంతువుల మీద చేసినా హైదరాబాదుకు ఇది ఎందుకు కనిపించలేదు? వాళ్లు మోసం చేశారని ఎవరూ అనలేరు. కుక్కలకు మత్తు బాగా ఎక్కించారు. లోతైన మత్తులో ముందు ఊపిరే ఆగుతుంది. చూసిందే రాశారు. కాని మనుషులు పోతున్నది లోతు మత్తులో కాదు, తేలిక మత్తులో, భయంలో. అంటే ఆసుపత్రిలో మరణం ఏ పరిస్థితుల్లో జరుగుతోందో ఆ నిర్దిష్ట పరిస్థితిని బల్లమీదికి తేలేదు. తమకు అందుబాటులో ఉన్నదాన్ని కొలిచి, తమకు కావలసినదాని మీద తీర్పు చెప్పారు. ఊపిరి కనిపిస్తుంది కనక ఊపిరే ప్రాణమన్నారు. సంఖ్య పెద్దదైతే సత్యం దగ్గరవుతుందని భ్రమించారు. ప్రశ్న తప్పుగా వేస్తే 490 జవాబులూ తప్పే.

ఒక్క న్యాయం చేయాలి. ఊపిరిని కళ్లార్పకుండా కనిపెట్టమన్న లారీ బోధ మాత్రం వృథా పోలేదు. ఇవాళ్టి మత్తు వైద్యుడు ఊపిరినీ చూస్తాడు, గుండెనీ చూస్తాడు. తగువుపడిన ఇద్దరి చెరిసగం సత్యం ఆచరణలో ఒకటైంది.

5

ఇప్పుడు మన కాలానికి వద్దాం. క్లోరోఫారం తెర దిగింది. 1956లో మాంచెస్టర్‌లో హాలోథేన్ వాడకంలోకి వచ్చింది. ఇది అంటుకోదు, తియ్యగా ఉంటుంది. కాని అడ్రినలిన్‌తో కలిస్తే గుండె లయ తప్పించే పాత జబ్బు దీనికీ కొంత అంటింది. తర్వాత ఐసోఫ్లురేన్, సెవోఫ్లురేన్ వచ్చాయి. మరోవైపు 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రెనే ఫావలోరో అనే అర్జెంటీనా సర్జన్ కాలి సిరను తీసి మూసుకుపోయిన గుండె ధమనికి దారి మళ్లించే బైపాస్‌ను ఒక పద్ధతిగా నిలబెట్టాడు. మన దేశంలో 1975లో మద్రాసులోని పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ తొలి బైపాస్ చేశాడు.

బైపాస్‌లో చాలాసార్లు గుండెను కాసేపు ఆపుతారు. ఆ కాసేపూ దానికి రక్తం ఉండదు. కొన్ని కణాలు చస్తాయి. చచ్చిన కండర కణంలోంచి ట్రోపోనిన్ అనే ప్రొటీను రక్తంలోకి కారుతుంది. దాన్ని కొలిస్తే గుండెకు ఎంత దెబ్బ తగిలిందో అంచనా కట్టవచ్చు. నాడికీ ఊపిరికీ మించిన సాక్షి దొరికిందన్నమాట.

1986లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో మరీ, జెన్నింగ్స్, రైమర్ ఒక వింత చూశారు. కుక్క గుండె ధమనిని అయిదు నిమిషాల చొప్పున నాలుగుసార్లు మూసి తెరిచి, ఆ తర్వాత నలభై నిమిషాలు మూస్తే, చచ్చే కండరం నాలుగో వంతుకు తగ్గింది. చిన్న దెబ్బ పెద్ద దెబ్బకు సిద్ధం చేసిందన్నమాట. 1997లో ఐసోఫ్లురేన్ పీల్పించినా అదే రక్షణ వస్తుందని మళ్లీ కుక్కల్లోనే తేలింది. నూరేళ్ల కిందట గుండె హంతకి అన్న కుటుంబపు ఆవిరే ఇప్పుడు గుండెకు కాపలాదారు అయింది!

2002 నుంచి బెల్జియంలో డి హెర్ట్ బృందం బైపాస్ రోగుల్లో సెవోఫ్లురేన్‌నూ, నరంలోకి ఎక్కించే ప్రోపోఫోల్‌నూ పోల్చింది. ఆవిరి పీల్చినవాళ్లలో ట్రోపోనిన్ తక్కువ పెరిగింది. కొద్దికొద్దిమందితో చేసిన మరికొన్ని అధ్యయనాలూ ఆ మాటే అన్నాయి. 2011 అమెరికా హృద్రోగ సంఘాల మార్గదర్శకాల్లో కూడా ఈ ఆవిరి మందులు ఉపయోగపడవచ్చన్న మాట చేరింది. ట్రోపోనిన్ తగ్గింది కాబట్టి మరణాలూ తగ్గుతాయి! ఈ 'కాబట్టి' దగ్గర ఆగండి. ఊపిరి బాగుంది కాబట్టి గుండె బాగుంది అన్న లారీ గొంతు ఇందులో వినిపించడం లేదూ?

జవాబు 2019లో వచ్చింది. 13 దేశాల్లో 36 ఆసుపత్రుల్లో 5400 మంది బైపాస్ రోగులను లాటరీ పద్ధతిలో రెండుగా విభజించి, సగం మందికి ఆవిరి మత్తు, సగం మందికి నరం మత్తు ఇచ్చారు. లెక్కించింది రక్తంలోని ప్రొటీనును కాదు, ఏడాది తర్వాత ఎవరు బతికున్నారన్నది. ఆవిరి వాళ్లలో నూటికి 2.8 మంది, రెండో వాళ్లలో 3.0 మంది పోయారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా తేలదని గ్రహించి అధ్యయనాన్ని నడుమనే ఆపేశారు. ఈ పరిశోధనకు డబ్బు పెట్టింది మందుల కంపెనీ కాదు, ఇటలీ ఆరోగ్య మంత్రిత్వశాఖ. దీన్నీ గుర్తుంచుకోవాలి.

6

ఇంతకీ ఈ చరిత్ర మనకు చెప్పేదేమిటి?

ట్రోపోనిన్ పనికిరాదని కాదు. గుండెపోటును గుర్తించడంలో అది అమూల్యం. క్లోరోఫారం కమిషన్ వ్యర్థమనీ కాదు. దాన్ని ఎదిరించబోయే గాస్కెల్, లెవీలు ముందుకు వచ్చారు. తప్పు కూడా ఒక మెట్టే, దాన్ని తప్పని ఒప్పుకున్నప్పుడు. సాక్షిని న్యాయమూర్తి చేయడమే దోషం. కొలవగలిగినదాన్ని కొలిచి, అదే జీవితమని చాటడం దోషం. ఈ దోషం వైద్యానికే పరిమితం కాదు. ఎకరాకు దిగుబడి కొలిచి రైతు బాగున్నాడనేవాళ్లు, బడుల సంఖ్య కొలిచి చదువు వచ్చిందనేవాళ్లు, ఆపరేషన్ల సంఖ్య కొలిచి ఆరోగ్యం వచ్చిందనేవాళ్లు లారీ వారసులే.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తర్వాత మన పేదవాడికీ బైపాస్ బల్ల ఎక్కే అవకాశం వచ్చింది. ఇది చిన్న సంగతి కాదు. కాని బల్లమీద ఏ ఆవిరి ఇచ్చారన్నదానికన్నా, ఆ మనిషి ఆ బల్లదాకా ఎందుకు రావలసివచ్చింది, దిగి ఇంటికి పోయాక మందులు కొనుక్కోగలిగాడా, ఏడాది తర్వాత బతికున్నాడా అన్న ప్రశ్నలు పెద్దవి. ఆ లెక్క రాసే రిజిస్టరు లేకపోతే ఎన్ని పరీక్షల కాగితాలున్నా అవి నివేదికలే, సత్యం కాదు.

ఆ ప్రయోగాలనాటి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని 1908 మూసీ వరద కొట్టుకుపోయింది. తర్వాత ఆ ఒడ్డునే ఉస్మానియా ఆసుపత్రి లేచింది. దాని వసారాల్లో పడిగాపులు పడే జనమే ఆనాడు ఖజానా నింపిన జనం మునిమనుమలు. వెయ్యి పౌన్లు ఎవరి ప్రశ్నకు ఖర్చయ్యాయో 1889లో వాళ్ల ముత్తాతలను ఎవరూ అడగలేదు. ఇకమీదట ఏ ప్రశ్నకు ఖర్చుపెట్టాలో అడిగే హక్కు వాళ్లది. ఆ ప్రశ్నను వాళ్ల భాషలో వేయడం రచయితల పని.