సీసపు రంగు – శిశువుల ఆరోగ్యము

బిడ్డకు జబ్బు చేసినప్పుడు మనము నీటిని, తిండిని, గాలిని శంకింతుము. ఇంటికి పూసిన రంగును శంకించువారు అరుదు. ఆ రంగునే శంకించి నిజము తెలిసికొన్న రెండు నగరముల వృత్తాంతమును నేడు మనవి చేయుచున్నాను.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండునకు ముఖ్యపట్టణము బ్రిస్బేను. అచ్చటి కఱ్ఱ యిండ్లకు విశాలమైన వసారాలును, వాని చుట్టును సీసపు రంగు పూసిన కటకటాలును ఉండెడివి. 1892లో టర్నరు మున్నగు వైద్యులు, కడుపునొప్పితోను చచ్చుపడిన కాలుసేతులతోను వచ్చిన పిల్లలలో సీసపు విషమును గుర్తించిరి. అది యెచ్చటనుండి వచ్చుచున్నదో మాత్రము తెలియలేదు. 1904లో గిబ్సను అను నేత్రవైద్యుడు ఆ మూలమును బయటపెట్టెను. ఎండకు రంగు పొడియై రాలును. బిడ్డ కటకటాలు పట్టుకొని ఆడి, ఆ వ్రేళ్లనే నోట బెట్టుకొనును. పిల్లలకు అందుచోట సీసపు రంగు వాడరాదని ఆయన హెచ్చరించెను. శాసనము 1922లో గాని రాలేదు. ఈ పదునెనిమిదేండ్ల జాగునకు బలియైనవారు పిల్లలే. ఆ ప్రాంతమున యువజనులు పలువురు మూత్రపిండముల వ్యాధిచే మరణించుటకు బాల్యమున మ్రింగిన సీసమే కారణమని నై అను వైద్యుడు 1929లో వ్రాసెను.

మూలము తెలిసినను, విషము ఏ బిడ్డకు ఎంత సోకినదో కనుగొనుట వేఱొక పని. దానికి రక్తపరీక్ష కావలెను. అమెరికాలోని బాల్టిమోరు నగర ఆరోగ్యశాఖ 1935లో ఈ పరీక్షను ఉచితముగా చేయ నారంభించెను. 1951లో ఆ నగరము ఇండ్ల లోపల సీసపు రంగు వాడుటను నిషేధించెను. ఇంటిరంగుల విషయమున ఆ దేశమంతటికిని నిషేధము 1978లో వచ్చెను.

సీసము పసిబిడ్డల మెదడును చెఱచును. చెడిన దానిని మందులు తిరిగి బాగుచేయలేవు. ఇంతవరకు హాని లేదని చెప్పదగిన పరిమాణమే కానరాదని నేటి వైద్యులు తేల్చిరి. కావున రక్తపరీక్ష అవసరమే. కాని అది జరిగిన హానిని తెలుపునే గాని రానున్న హానిని తానై ఆపదు. బిడ్డ రక్తమునకన్న ముందు గోడ రంగును పరీక్షించుట వివేకము.

మన దేశమున 2016లో చేసిన నియమములు ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని విధించినవి. అయినను పాత తలుపులపై, కిటికీలపై పాత రంగు నిలిచియుండవచ్చును. దానిని పొడిగా గీకింపక, తడిపి తీయింపుడు. అప్పుడు పిల్లలను దూరముగా నుంచుడు. ఊరికి పెద్దలైన మీరు చెప్పిన మాట ఇంటింటను నిలుచును.