ప్లేస్టేషన్‌కీ సర్వర్‌కీ నడుమ ఒక ఫోను

విశాఖ రేవుకి ఓడ వచ్చిందంటే కాగితాలు పట్టుకుని పోర్టు ఆఫీసు చుట్టూ, కస్టమ్స్ చుట్టూ తిరిగేది కెప్టెన్ కాదు, షిప్పింగ్ ఏజెంటు. ఓడ మాట ఒడ్డుకి చెప్పేదీ అతనే, ఒడ్డు మాట ఓడకి చేర్చేదీ అతనే. నెట్‌వర్కుల్లో ప్రాక్సీ చేసే పని సరిగ్గా ఇదే. సెర్న్ ప్రయోగశాలలో పనిచేసిన ఆరి లూటోనెన్, ఇంటెల్‌కి చెందిన కెవిన్ ఆల్టిస్ 1994లో వెబ్ ప్రాక్సీల మీద పత్రం రాశారు. ఫైర్‌వాల్ లోపల ఉన్నవాళ్లకి బయటి వెబ్‌ని తెచ్చివ్వడం, ఒకసారి తెచ్చిన పేజీని దాచి మళ్లీ అడిగినవాళ్లకి ఇవ్వడం వెబ్ ప్రాక్సీ పనులు. మన కాలేజీల్లో హాజరుకి ఒకరి బదులు ఇంకొకరు పలకడాన్ని కూడా ప్రాక్సీ అనే అంటారు. అక్కడా ఇక్కడా అర్థం ఒకటే, ఒకరి తరఫున ఇంకొకరు మాట్లాడటం.

ఈ ఏజెంటు గేమ్ కన్సోళ్ల దగ్గరికి ఎందుకొచ్చాడో తెలియాలంటే, అప్‌డేట్ అనే మాటే వినపడని రోజుల నుంచి మొదలుపెట్టాలి. ప్లేస్టేషన్ 2కి ఆ బెడద లేదు. 2009లో హైదరాబాదు సంస్థ ఆరోనా టెక్నాలజీస్ పీఎస్2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ చేసింది. ఆ డిస్కు ఆనాడు ఎలా ఆడిందో ఈనాడూ అలాగే ఆడుతుంది. కొన్నవాడికి తెలియకుండా అందులో ఒక్క అక్షరం మారదు.

2006 నవంబరులో వచ్చిన పీఎస్3 అలా కాదు. కొన్న తరువాత కూడా కంపెనీ దాన్ని మారుస్తూనే ఉంటుంది. మొదట్లో అందులో ‘అదర్ ఓఎస్’ అనే సదుపాయం ఉండేది, లైనక్స్ ఎక్కించుకుని మామూలు కంప్యూటర్‌లా వాడుకోవచ్చు. ఆ శక్తిని చూసే అమెరికా వైమానిక దళం 1,760 పీఎస్3లను కలిపి ఒక సూపర్ కంప్యూటర్ కట్టింది. 2010 ఏప్రిల్ 1న వచ్చిన 3.21 అప్‌డేట్‌తో సోనీ ఆ సదుపాయాన్ని తీసేసింది. అప్‌డేట్ చేస్తే లైనక్స్ పోతుంది, చేయకపోతే ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోకి రానివ్వరు. డబ్బు పోసి కొన్న వస్తువులోంచి ఒక పనిని ఇంటికొచ్చి విప్పుకుపోవడమే ఇది. అమెరికాలో దీనిమీద కొనుగోలుదారులు దావా వేస్తే 2016లో సోనీ రాజీకి ఒప్పుకుంది. అప్‌డేట్ తప్పించుకునే ఉపాయాల కథని చాలామంది దొంగ గేముల దగ్గర మొదలుపెడతారు. నా మటుకు అది ఈ ఏప్రిల్ ఒకటి దగ్గరే మొదలవుతుంది.

అదే ఏడాది ఆగస్టులో యూఎస్‌బీకి గుచ్చితే పీఎస్3 తాళం తెరిచే చిన్న పరికరం బయటికొచ్చింది. కొద్ది వారాల్లోనే ఆ పనిని నోకియా ఎన్900 ఫోను చేత చేయించారు. ఈ కథలోకి ఫోను అడుగుపెట్టింది అలాగే, నెట్‌వర్కు దారిలో కాదు, కేబులు దారిలో. సెప్టెంబరులో 3.42 అప్‌డేట్‌తో సోనీ ఆ సందు మూసేసింది. పాత 3.41 మీదే ఉండిపోయినవాళ్లకి గుమ్మం బయటే చోటు.

అప్పుడు గుర్తొచ్చాడు ఏజెంటు. లాగిన్ కాబోయే ముందు పీఎస్3 సర్వర్‌ని ఒక చిన్న టెక్స్ట్ ఫైలు అడుగుతుంది. తాజా సాఫ్ట్‌వేర్ నంబరెంత, అది ఎక్కడ దొరుకుతుంది అన్నవే అందులోని వివరాలు. తన నంబరు అంతకంటే తక్కువైతే అప్‌డేట్ చేయమని నిలబెడుతుంది. ఆ ఫైలు సీలు వేసిన కవరులో రాదు, పోస్టుకార్డులా మామూలు హెచ్‌టీటీపీలో వస్తుంది. కన్సోల్ సెట్టింగుల్లో ప్రాక్సీ అడ్రసు కొట్టే గడి ఎలాగూ ఉంది. కంప్యూటర్లో చార్ల్స్ లాంటి ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ నడిపి, ఆ పోస్టుకార్డు మీది అంకె మార్చి చేతికిచ్చేవారు. కన్సోల్ నమ్మేది. తరువాత సోనీ లాగిన్ దగ్గర వేరే తనిఖీలు పెట్టాక అంకె మార్చడం ఒక్కటే సరిపోలేదు.

కంప్యూటర్ చేసే ఈ పని ఫోను చేతికి రావడానికి కారణం హాట్‌స్పాట్. 2010లో ఆండ్రాయిడ్ 2.2తో ఫోనే వైఫై పంచసాగింది. నెట్ ఇచ్చేదీ, నడుమ నిలిచేదీ ఒకే వస్తువైంది.

మన దగ్గర అప్‌డేట్ తప్పించుకోవడానికి ఇంకో కారణం ఉండేది, డేటా. 2005లో వచ్చిన బీఎస్ఎన్ఎల్ డేటావన్ తొలిరోజుల్లో చవక ప్లాన్‌కి నెలకి కొన్ని వందల ఎంబీలే. పీఎస్3 అప్‌డేట్ ఒక్కటే రెండొందల ఎంబీకి దగ్గరగా ఉండేది. మధ్యలో కరెంటు పోతే మిషను మళ్లీ లేవదేమోనన్న భయం ఒకటి. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక కూడా చాలా ఇళ్లలో లెక్క రోజుకి 1 జీబీయే.

ఆ రోజుల్లోనే విశాఖ ఉక్కునగరం క్వార్టర్స్‌లో మా అన్నయ్య ఈ పని చేస్తుండగా చూశాను. సెకండ్ షిఫ్టు దిగి వచ్చి, టీవీ పక్కన ఫోను పెట్టి హాట్‌స్పాట్ ఆన్ చేశాడు. ప్రాక్సీ యాప్ తెరిచాడు. పీఎస్4 సెట్టింగుల్లోకి వెళ్లి కంట్రోలరుతో ఒక్కో అంకె వెతుక్కుంటూ ఫోను అడ్రసు 192.168.43.1 అని, పోర్టు దగ్గర 8080 అని కొట్టాడు. ఈ రెండూ కొట్టకపోతే హాట్‌స్పాట్ ఉన్నా కన్సోల్ మాట ప్రాక్సీ గుండా పోదు. ఫోను తెరమీద కన్సోల్ అడుగుతున్న అడ్రసులు వరసగా దొర్లాయి. అప్‌డేట్ అడ్రసు రాగానే ఆ వరస ఎర్రబడి అక్కడే ఆగింది, మిగతావి సాగిపోయాయి. “దీన్ని ఒక్కదాన్నే ఆపానురా తమ్ముడూ, పొద్దున్న నీ క్లాసుకి నెట్ మిగలాలిగా” అన్నాడు. దొంగ గేము ఆ ఇంట్లో ఒక్కటీ లేదు.

అప్‌డేట్లన్నీ చెడ్డవని నేను అనను. 2011 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోకి ఎవరో చొరబడి సుమారు 7.7 కోట్ల ఖాతాల వివరాలు బయటపడ్డాయి. మూడు వారాలకి పైగా మూతపడిన నెట్‌వర్కు తెరుచుకున్నప్పుడు పాస్‌వర్డు మార్పించింది కొత్త అప్‌డేటే. పాత సాఫ్ట్‌వేర్‌కి తిరిగిపోకుండా నింటెండో స్విచ్ ఇంకో దారి పట్టింది. పెద్ద అప్‌డేట్లప్పుడు చిప్పులో కంటికి కనపడని ఫ్యూజు ఒకటి కాలిపోతుంది, ఇక వెనక్కి వెళ్లడం కుదరదు. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో చేరిన 65ఎ సెక్షను రక్షణ తాళాలు తెరిచినవారికి రెండేళ్ల దాకా జైలు, జరిమానా అంటుంది, అయితే హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశం ఉండాలనీ అంటుంది. ఆ ఉద్దేశం అన్న మాట ముఖ్యం. ఎప్పుడు అప్‌డేట్ చేయాలో తేల్చుకునే హక్కు కొన్నవాడిదే అని నేను నమ్ముతాను. ఆ హక్కుని అడ్డం పెట్టుకుని ఆన్‌లైన్ ఆటలో మోసం చేసేవాడి పక్షాన మాత్రం నిలబడను.

పీఎస్3కి 2025 మార్చిలో కూడా 4.92 నంబరుతో అప్‌డేట్ వచ్చింది, బ్లూరే సినిమాలు ఆడటానికి కావలసిన తాళంచెవి కొత్తదిచ్చారు. మీ అటక మీద ఒకటుంటే దించి, అందులో ఏముందో ముందు చూసుకుని, అప్పుడే ఎక్కించండి. ప్రాక్సీ పెట్టుకోవలసి వస్తే మీ సొంత ఫోన్లోనే పెట్టుకోండి. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇచ్చిన అడ్రసు ఆ గడిలో కొట్టకండి, సీలు లేకుండా వెళ్లే మీ మాటలన్నీ వాళ్ల కళ్లబడతాయి.