ప్రతి, పాఠం, ప్రక్షిప్తం: రష్యన్ చేతి గడియారాల సేకరణలో ప్రామాణికత సమస్య

సంగ్రహం: పాత, కొత్త రష్యన్ చేతి గడియారాల సేకరణ ప్రపంచమంతటా ఉన్న ఒక వ్యాసంగం. ఈ సేకర్తలు గడియారాన్ని పరీక్షించే పద్ధతికీ, తాళపత్ర ప్రతుల పరిష్కరణ పద్ధతికీ దగ్గరి పోలిక ఉంది. అయితే ‘కర్మాగారం నుంచి వచ్చిన రూపమే అసలు’ అనే వారి ప్రమాణం, మన దేశంలో మరమ్మతు పొందిన గడియారాల చరిత్రను చెరిపివేస్తోందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సోవియట్ గడియారాలు, సేకరణ, ప్రామాణికత, పాఠపరిష్కరణ, మరమ్మతు, భౌతిక సంస్కృతి.

1. ఉపోద్ఘాతం

పాత గడియారం చేతికి రాగానే సేకర్త అడిగే మొదటి ప్రశ్న ‘ఇది నడుస్తుందా?’ అన్నది కాదు, ‘ఇది అసలుదేనా?’ అన్నది. డయల్, ముళ్లు, కేసు, లోపలి యంత్రం నాలుగూ ఒకే కర్మాగారంలో, ఒకే కాలంలో తయారై కలిసి బయటికి వచ్చినవైతేనే దానికి విలువ. ఒక్కటి మారినా విలువ పడిపోతుంది. ఈ ప్రమాణం వ్యాపారానికి అవసరం కావచ్చు. చరిత్రకారుడికి అది సరిపోతుందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. కర్మాగారాల పుట్టుక

విప్లవానికి ముందు రష్యాలో అమ్ముడైన గడియారాలలో అధికభాగం స్విస్ భాగాలతో కూర్చినవే. పావెల్ బురే, మోజర్ వంటి పేర్లు ఆ వ్యాపారానికి గుర్తులు. సొంత పరిశ్రమ కోసం సోవియట్ ప్రభుత్వం అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కాంటన్ పట్టణంలో మూతపడిన డ్యూబర్–హాంప్‌డెన్ సంస్థ యంత్రాలను కొన్నది. ఆ యంత్రాలతోపాటు కొందరు అమెరికన్ పనివారు కూడా మాస్కోకు వెళ్లారు. 1930లో మొదటి మాస్కో గడియారాల కర్మాగారం పని మొదలుపెట్టింది. అక్కడ తొలినాళ్లలో తయారైన గడియారాలలో మిగిలిపోయిన అమెరికన్ భాగాలు కూడా ఉన్నాయి.

తరువాతి దశ ఫ్రాన్స్‌తో ముడిపడింది. 1936లో లిప్ సంస్థతో కుదిరిన ఒప్పందం ద్వారా వచ్చిన నమూనాయే యుద్ధానంతరం ‘పోబెదా’కు ఆధారమైంది. పోబెదా అంటే విజయం. 1946 నుంచి పెద్ద ఎత్తున ఉత్పత్తి అయిన ఈ 15 రాళ్ల గడియారాన్ని మాస్కోతోపాటు పెన్జా, చిస్తోపోల్, పెత్రద్వరేత్స్ కర్మాగారాలు కూడా తయారుచేశాయి. వీటిలో చిస్తోపోల్ కర్మాగారం యుద్ధం వల్లనే పుట్టింది. 1941లో రెండవ మాస్కో కర్మాగారాన్ని కామా నది ఒడ్డునున్న ఆ పట్టణానికి తరలించారు. నేటి ‘వోస్తోక్’ గడియారాలు అక్కడివే. పెత్రద్వరేత్స్ కర్మాగారం మాత్రం 1721లో పీటర్ చక్రవర్తి స్థాపించిన రాళ్ల సానపట్టు శాలకు వారసురాలు.

1961 ఏప్రిల్ 12న గగారిన్ అంతరిక్షయానం చేసినప్పుడు ఆయన చేతికి ‘ష్తుర్మాన్‌స్కియే’ గడియారం ఉందని సేకర్తలు సాధారణంగా అంగీకరిస్తారు. ఆ యాత్ర తరువాతనే పెత్రద్వరేత్స్ గడియారాలకు ‘రకేతా’ అన్న పేరు వచ్చింది. 1964 నుంచి మొదటి మాస్కో కర్మాగారం ‘పోల్యోత్’ పేరును వాడింది. 1967లో చిస్తోపోల్ నుంచి ఈతగాళ్ల గడియారం ‘అంఫీబియా’ వచ్చింది. నీటి ఒత్తిడి పెరిగేకొద్దీ వెనక మూత మరింత బిగుసుకునేలా దాని నిర్మాణం ఉంటుంది.

ఈ చరిత్రలో గమనించవలసినది ఒకటుంది. సోవియట్ గడియారం పుట్టుకతోనే కలగలుపు. అమెరికన్ యంత్రం, ఫ్రెంచి నమూనా, యుద్ధకాలపు వలస కలిసి దానిని తయారుచేశాయి. మన దేశంలోనూ ఇదే జరిగింది. 1961లో బెంగళూరులో హెచ్.ఎం.టి. గడియారాలు జపాన్ సిటిజెన్ సహకారంతోనూ, 1980లలో హైదరాబాదు ఆల్విన్ గడియారాలు సీకో సహకారంతోనూ వచ్చాయి.

3. గడియారాన్ని చదివే పద్ధతి

సేకర్త మొదట వెనక మూత విప్పి యంత్రాన్ని చూస్తాడు. దాని మీద కర్మాగారం గుర్తూ, నమూనా సంఖ్యా ఉంటాయి. 1940, 50ల నాటి యంత్రాలలో చాలావాటిపై త్రైమాసికం, సంవత్సరం కూడా కనిపిస్తాయి. ‘2–53’ అని ఉంటే 1953 రెండవ త్రైమాసికం అని అర్థం. తరువాతి కాలపు నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండంకెలు యంత్రం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో చెబుతాయి, చివరి రెండూ దాని పనితీరును చెబుతాయి. వోస్తోక్ 2409 చేతితో కీ ఇచ్చేది. 2414లో దానికి తేదీ చేరుతుంది. 2416 తేదీతోపాటు చేతి కదలికకే కీ తిరిగే స్వయంచాలక యంత్రం.

తరువాత డయల్. అడుగున రష్యన్ లిపిలో ‘సోవియట్ యూనియన్‌లో తయారైనది’ అని ఉంటే అది ఒక కాలం. అదే మాట ఇంగ్లీషులో ఉంటే సాధారణంగా ఎగుమతి సరుకు. ‘రష్యాలో తయారైనది’ అని ఉంటే 1991 తరువాతిది.

ఇప్పుడు ఒక ఉదాహరణ ఊహిద్దాం. యంత్రంపై ‘1–54’ అని ఉంది, డయల్‌పై ‘రకేతా’ అని ఉంది. 1954 నాటికి ఆ పేరే లేదు గనుక ఈ రెండూ కలిసి పుట్టినవి కావు. ఒక కవి కాలానికి తరువాత వాడుకలోకి వచ్చిన పదం అతని పద్యంలో కనబడితే పరిష్కర్త అనుమానించడం కూడా ఇలాంటిదే. మచిలీపట్నం, రాజమహేంద్రవరాలలో పనిచేసిన సి.పి. బ్రౌన్ వేమన పద్యాల కోసం ఎన్నో ప్రతులను కూడబెట్టి సరిపోల్చాడు. సేకర్త కూడా ఒకే నమూనా గడియారాలను పదుల సంఖ్యలో చూసి, సహజమైన భేదం ఏదో, చేర్పు ఏదో తేల్చుకుంటాడు.

అయితే పొంతన లేకపోవడం ప్రతిసారీ మోసానికి సాక్ష్యం కాదు. పాత నిల్వలు అయిపోయేవరకు వాడుకునే కర్మాగారం రెండు కాలాల భాగాలను తానే కలిపి ఉండవచ్చు. పాఠభేదాన్ని చూడగానే ప్రక్షిప్తం అనడం పరిష్కరణలో ఎంత తొందరపాటో ఇక్కడా అంతే.

4. ప్రక్షిప్తమా, పాఠాంతరమా?

మన దేశంలో డయల్‌కు తిరిగి రంగు వేసి, వేర్వేరు గడియారాల భాగాలతో కూర్చి అమ్మే గడియారాలను సేకర్తలు ‘ముంబై స్పెషల్’ అంటారు. ఆ పేరు మెచ్చుకోలు కాదు. పాతదని నమ్మించి అమ్మితే అది మోసమే, సందేహం లేదు. కానీ ఆ ఒక్క పేరు కింద రెండు వేర్వేరు పనులు కలిసిపోతున్నాయి. ఒకటి, అమ్మకం కోసం చేసే నకిలీ. రెండవది, సొంతదారు రోజూ పెట్టుకోవడానికి చేయించుకున్న మరమ్మతు.

ఏలూరు, తాడేపల్లిగూడెం, నల్లజర్ల వంటి ఊళ్లలో గడియారాలు బాగుచేసేవారి పని ఈ రెండవ కోవలోనిది. చిన్న బల్ల, గాజు పెట్టె, కంటికి బిగించుకున్న భూతద్దం, పాత యంత్రాలు నింపిన డబ్బా వారి ఆస్తి. విరిగిన బ్యాలెన్స్ ఇరుసుకు బదులు రష్యా నుంచి తెప్పించుకునే వీలు లేనప్పుడు, మరొక పాత యంత్రం నుంచి తీసి వేయడమే దారి. తేమకు మచ్చలు పడిన డయల్‌పై అంకెలు కనబడాలంటే రంగు వేయక తప్పదు. మూత లోపలి వైపు చిన్న అక్షరాలతో గీసిన తేదీ, గుర్తు కూడా మరమ్మతు చేసినవారివే. తాళపత్ర ప్రతి చివర లేఖకుడు తన పేరు, ఊరు, తిథి రాసుకున్నట్లే, ఆ గీత ఒక మనిషి పనికి మిగిలిన ఏకైక దాఖలా.

సేకర్త ఆ డయల్ తీసివేసి ‘అసలు’ది పెట్టించినప్పుడు, మూతను మెరుగుపెట్టించినప్పుడు చెరిగిపోయేది ఆ దాఖలాయే. కర్మాగారం చరిత్ర పుస్తకాలలో ఉంది. బల్ల ముందు కూర్చున్నవాడి చరిత్ర గడియారంలోనే ఉంది.

5. తెలుగు నేలకు సోవియట్ దారులు

ఈ వస్తువులను తెలుగు ప్రాంత చరిత్రకు ఆకరాలుగా వాడుకోవాలంటే, అవి వచ్చి ఉండగల దారులను ముందుగా గుర్తించాలి. 1967 డిసెంబరులో రీగా రేవులో భారత నౌకాదళంలో చేరిన తొలి జలాంతర్గామి కల్వరి, 1969 డిసెంబరులో అక్కడే చేరిన కుర్సురా మన విశాఖపట్నం చరిత్రలో భాగాలు. కుర్సురా 2002 నుంచి విశాఖ తీరంలో ప్రదర్శనశాలగా ఉంది. హైదరాబాదు ఔషధ కర్మాగారానికి సోవియట్ సహాయం అందింది. విశాఖ ఉక్కు కర్మాగారానికి 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. రాచమల్లు రామచంద్రారెడ్డి, ఉప్పల లక్ష్మణరావు వంటి రచయితలు మాస్కోలో ఉండి రష్యన్ పుస్తకాలను తెలుగులోకి తెచ్చారు. శిక్షణకు వెళ్లిన నావికులు, ఇంజనీర్లు, చదువుకు వెళ్లిన విద్యార్థులు కూడా ఉన్నారు.

ఈ కుటుంబాలలో రష్యన్ గడియారం ఏదైనా మిగిలి ఉంటే, దాన్ని ఎవరు తెచ్చారు, ఎంతకాలం పెట్టుకున్నారు, ఎక్కడ బాగుచేయించారు అని అడిగి నమోదు చేయాలి. ఈ పని ఇప్పుడే జరగాలి. తెచ్చినవారి తరం వెళ్లిపోతోంది. తరువాతి తరం ఆ గడియారాన్ని అమ్మగానే వస్తువు ఒక దారి, జ్ఞాపకం ఒక దారి పడతాయి.

6. ముగింపు

ఈ వ్యాసంగం గతానికే పరిమితం కాదు. వోస్తోక్, రకేతా నేటికీ తయారవుతున్నాయి. కాన్‌స్తాంతిన్ చైకిన్ వంటి స్వతంత్ర నిపుణులు కొత్త నమూనాలు చేస్తున్నారు. ఈనాటి గడియారాలు కూడా రేపు ఎవరి చేతనో మరమ్మతు పొందుతాయి.

కనుక సేకర్తలకు, పరిశోధకులకు మూడు సూచనలు. మార్చిన భాగాన్ని పారవేయక గడియారంతోపాటే ఉంచాలి. మూత లోపలి గీతలను మెరుగుపెట్టే ముందు ఫొటో తీయాలి. వివరపట్టికలో ‘అసలు’, ‘నకిలీ’ అన్న రెండు గళ్లకు తోడు ‘మరమ్మతు’ అన్న మూడవ గడి ఉండాలి. మంచి పరిష్కర్త తాను అంగీకరించని పాఠాన్ని కూడా అడుగున చూపి వదులుతాడు. గడియారం విషయంలోనూ అంతకు తక్కువ మర్యాద చాలదు.