చెట్టునకును కడుపునకును నడుమ

నేడు సినిమా తారల సౌధములతోను, స్టూడియోలతోను, రాత్రి రెండు జాములైనను దీపములార్పని హోటళ్లతోను నిండియున్న బంజారా హిల్స్, జూబిలీ హిల్స్ ప్రాంతము నూరేండ్ల క్రిందట రాతిగుండ్లును, ముండ్లపొదలును, సీతాఫలపు చెట్లును తప్ప మఱేమియు లేని గుట్టల వరుస. నవాబు మెహదీ నవాజ్ జంగు ఆ గుట్టలమీద బండరాతినే గోడగా జేసికొని ఇల్లు కట్టించి, చుట్టుప్రక్కల నివసించుచుండిన బంజారాల పేరుమీదుగా దానికి బంజారా భవనమని పేరిడగా, ఇంటి పేరే పిదప ప్రాంతమునకెల్ల నిలిచినది. 1933లో రవీంద్రనాథ ఠాకూరు ఆ ఇంట అతిథిగా నుండెను. ఆ గృహస్థుడే 1960లో గుజరాత్ రాష్ట్రమునకు తొలి గవర్నరయ్యెను. ఇన్ని సంగతులు వ్రాసిపెట్టిన మనవారు, పేరిచ్చిన బంజారాలు ఏమి తినిరో ఏమి త్రాగిరో వ్రాయుట మఱచిరి.

బంజారాలనియు, లంబాడీలనియు, సుగాలీలనియు పిలువబడు ఈ జనము ఎద్దుల మందలమీద ఉప్పును, ధాన్యమును మోసికొనుచు మొగలు సేనల వెంట దక్కనునకు దిగి, సేనలు పోయిన పిదపను బేరము విడువక యుండి, 1874లో వాడి జంక్షను నుండి సికింద్రాబాదునకు పొగబండి నడువనారంభించుటతో ఎద్దుమోతకు గిరాకి తగ్గి, తాండాలు కట్టుకొని గుట్టలను, అడవి అంచులను ఆశ్రయించినది. ఇప్పచెట్టు దొరకిన తావున తాండాలో ఇప్పసారా ఉండెడిది. రాలిన పూవును వేకువనే ఏరి, ఎండబెట్టి, కుండలో నీట నానవేసినచో కొలది దినములలో బుడగలు లేచి పూవులోని తీపి మద్యముగా మారును. దానిని పొయ్యిమీద నెక్కించి, ఆవిరిని చల్లార్చి పట్టినదే సారా. పొయ్యి నెక్కకముందు కుండలో నున్న ఆ పులిసిన నీరు, ఇంట కాచుకొన్న బీరని నేటివారు గొప్పగా చెప్పుకొను పానీయమునకు వరుసకు అక్కయే.

ఇంట మద్యమును పులియబెట్టుట పడమటివారు మనకు నేర్పిన విద్య కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్ష ప్రకరణములో మేదకమను పానీయమునకు కొలతలు సైతము కలవు: ద్రోణము నీటికి అర్ధాఢకము బియ్యము, మూడు ప్రస్థముల కిణ్వము. ఆఢకమునకు నాలుగు ప్రస్థములు గనుక, బియ్యము రెండు పాళ్లయినచో పులియబెట్టు ముద్ద మూడు పాళ్లన్నమాట. శుభకార్యములకు కుటుంబీకులు తెల్లసురను ఇంటనే చేసికొనవచ్చుననియు, ఔషధార్థము అరిష్టమును చేసికొనవచ్చుననియు అనుమతించిన ఆ మహానుభావుడే, చెడిపోయిన సురను దాసులకును, కూలివారికిని జీతమునకు బదులుగా ఈయవచ్చుననియు, లేనిచో బరువు మోయు పశువులకో పందులకో పోయవచ్చుననియు విధించెను. ఆ వాక్యము చదువునపుడెల్ల నాకు కౌటిల్యుని రాజనీతికంటె, కూలిక్రింద ఆ చెడిన సుర పుచ్చుకొని ఇంటికి పోయిన వాని కడుపు జ్ఞప్తికి వచ్చును. త్రాగినవాని బాధలకు మదాత్యయమని పేరిడి చరకసంహిత చికిత్సాస్థానములో ఒక అధ్యాయమే కేటాయింపబడినది గాని, ఆ వైద్యుని యొద్దకు పోగలవాడు కూలివాడు కాడు.

కల్లు తెఱగు వేఱు. దానిని మనుష్యుడు పులియబెట్ట నక్కఱలేదు. పులియకుండ నాపుటయే కష్టము. తెలవారకముందే కల్లు గీయు గౌండ్లవాడు మోకును, ముస్తాదును సరిచూచుకొని తాటిచెట్టెక్కి, గెల చివరను ఉలిపొరవలె పలుచగా గీసి, నిండిన లొట్టిని, అనగా కల్లుకుండను, విప్పి ఖాళీ లొట్టిని కట్టి దిగును. లొట్టి లోపల సున్నము పూసియున్నచో రసము పులియక తియ్యని నీరాగా నుండును. పూయనిచో నిన్నటి మడ్డిలోనున్న సూక్ష్మజీవులు చుక్క పడినది పడినట్లే పని మొదలుపెట్టును. పొద్దెక్కునప్పటికి అది కల్లు; మాపటికి పుల్లకల్లు; మఱునాటికి ముక్కు మూసికొనవలసిన పులుసు. చెట్టుక్రింద కూర్చున్నవాడు పైని నురుగును, అందులో పడి చచ్చిన తేనెటీగలను ఊది ప్రక్కకు త్రోసి తాటాకు దొప్పతో త్రాగుచుండగా, అతనికిని చెట్టునకును నడుమ గౌండ్లవాడు తప్ప మఱియొకడు లేడు.

అట్టి మేలిరకపు కల్లు సైతము అలవాటు లేని కడుపును కలచుట కద్దు. దానిలోని ఈస్టు ఇంకను ప్రాణముతోనే యుండి మిగిలిన చక్కెరను తినుచుండుటచే పొట్ట ఉబ్బును, త్రేన్పులు వచ్చును. లాక్టిక్, అసిటిక్ ఆమ్లములు గుండెలో మంట పుట్టించును. పులియుటలో పుట్టు హిస్టమిన్ వంటి పదార్థములు కొందఱికి ముఖమెఱ్ఱబఱచి తలనొప్పి తెచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, కల్లు పొయ్యి యెఱుగదు. లొట్టి మురికి, కలిపిన నీటి మురికి, ఈగల కాళ్ల మురికి అన్నియు సరాసరి కడుపులోనికే పోవును. బంగ్లాదేశములో గబ్బిలములు నాకిన పచ్చి ఖర్జూరపు నీరు త్రాగి జనులు నిపా జ్వరము పాలగుట వైద్యులెఱిగినదే. ఇంతమాత్రమున ప్రతి విరేచనమునకును కల్లునే దోషిని చేయరాదు. దుకాణము వాకిట సగము వేగిన బోటీని మూడు పొట్లములు ఆరగించి, మఱునాడు కల్లు పడలేదని చెప్పువారిని నేను చాలమందిని చూచితిని.

బీరు ఈ విషయమున కొంత అదృష్టవంతురాలు. యవల మొలకల రసమును హాప్స్ పూలతో మరగించి చల్లార్చిన పిదపనే పులియబెట్టుదురు గనుక సగము మురికి పొయ్యిమీదనే చచ్చును. అయినను బీరునకును రోగములున్నవని లూయీ పాశ్చరు 1876లో ఒక గ్రంథమే వ్రాసెను. తెలంగాణ ప్రభుత్వము 2015లో మైక్రోబ్రూవరీలకు నియమావళి చేసిన తరువాత, జూబిలీ హిల్స్ హోటళ్లలో అద్దాల వెనుక స్టీలు పీపాలు మెఱయుచుండగా వడపోయని మసక బీరు గ్లాసులలోనికి దిగుచున్నది. దాని మసకలో కొంత ఈస్టే. పొట్ట ఉబ్బరమునకు అదియు ఒక కారణమే. గోధుమ, యవలలోని గ్లూటెన్ పడనివారికి బాధ మఱికొంత హెచ్చు. వేసవిలో నలువది డిగ్రీల వేడిమిలో అనుమతి లేక ఇంట బకెట్టులో బీరు కాచువారు మఱియొక చిక్కు కొనితెచ్చుకొందురు: అంత వేడిమిలో ఈస్టు తొందరపడి ఘాటైన పరాయి మద్యములను పుట్టించును, తొందరపడి త్రాగినచో పచ్చి ఆపిల్ వాసనగల అసిటాల్డిహైడు మిగిలియుండును, రెండును తలనొప్పికి మూలములే. ఇవన్నియు ఒక రాత్రి బాధలు.

ఒక రాత్రితో తీరని బాధ పుట్టిన తీరు తెలియుటకు ఆబ్కారీని, అనగా కల్లు సారాలపై సర్కారు పన్నును, తలపవలెను. నిజాము రాజ్యమునకు ఆబ్కారీ పెద్ద ఆదాయము. చెట్టుకు పన్ను, దుకాణమునకు గుత్త. ఎక్కువ పాట పాడినవానికి దుకాణము దక్కును గాని, ఎక్కువ పాడినంత మాత్రమున చెట్టు ఎక్కువ కల్లు కార్చదు. నగరమున సేందీఖానాలను కల్లు దుకాణముల ముందు జనము పెరిగినది; నగరపు వాగుల వెంట ఈత, తాటి తరిగినవి; కల్లు దూరపు జిల్లాలనుండి బండ్లమీదను, లారీలమీదను రావలసివచ్చినది. దారిలో పులిసిన దానికి సాకరిన్ తీపిని, పలుచనైన దానికి ఒక మందు పొడి మత్తును ఇచ్చినవి. ఆ పొడి మొదట క్లోరల్ హైడ్రేట్. 1832లో లీబిగ్ అను జర్మను రసాయనజ్ఞుడు తయారు చేయగా, అది పిదప ఆసుపత్రులలో నిద్రమందుగా వాడబడినది. తరువాత డయజిపామ్, ఆపైని ఆల్ప్రజోలామ్. ఆల్ప్రజోలామ్ మాత్ర పావు మిల్లీగ్రాముతో వైద్యుడు నిద్ర పుచ్చును. అట్టి మందును పిడికెళ్లతో పీపాలో కలుపువానికి తూనికతో పని లేదు. పాత బీరు సీసాలలో నింపి అమ్ము ఆ తెల్లని నీటిలో చెట్టు పాలెంతయో త్రాగువానికి తెలియదు.  

మద్రాసునుండి చిత్రపరిశ్రమ తరలివచ్చి ఈ గుట్టలమీద అన్నపూర్ణ, పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వెలసిన పిదప, సెట్లు కట్టు వడ్రంగులును, లైట్లు మోయు కూలీలును, వేషముకొఱకు ఎదురుచూచు చిన్న నటులును గుట్ట దిగువ కృష్ణానగర్ ఇరుకు గదులలో చేరిరి. గుట్టపైని బీరు వెల చేతికందని వానికి కల్లు కాంపౌండే గతి. 2004లో ప్రభుత్వము నగరమున కల్లు దుకాణములను మూయించెను. 2014లో కొత్త రాష్ట్రపు ప్రభుత్వము తిరిగి తెఱపించెను. గీతవృత్తివారికి అది న్యాయమే. అయితే నగరమునకు కావలసినన్ని చెట్లు ఆ పదేండ్లలో మొలవలేదు.

2015లో నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో అధికారులు కల్తీని అరికట్టగా, ఒక వింత జరిగినది: త్రాగినందునగాక, మానినందున జనులు జబ్బుపడిరి. మెడలు వంకరలు పోయి, చేతులు వణకి, మూర్ఛలు వచ్చి, లేనివి కనబడుచున్నవని కేకలు వేయుచు ఆసుపత్రులకు చేరిరి. వారి దేహములు కల్లునకు గాక పొడికి అలవాటుపడియుండినవి. అట్టి రోగులకు జూబిలీ హిల్స్‌కు కూతవేటు దూరమున నున్న ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాల ఏండ్లుగా చికిత్స చేయుచున్నది. పొడిని ఒక్కనాట ఆపరాదు, వైద్యుని కనుసన్నలలో మెల్లగా తగ్గింపవలెను. దాడి చేయు అధికారి వెంట వైద్యుడుకూడ పోవలెనని నా అభిప్రాయము.

2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతపు దుకాణములలో కల్లు త్రాగినవారు వాంతులతోను, విరేచనములతోను పడిపోయిరి, పలువురు మరణించిరి, నమూనాలలో ఆల్ప్రజోలామ్ బయటపడినది. రోగులలో చాలమందిని బంజారా హిల్స్ వాకిటనున్న పంజాగుట్టలోని ఆసుపత్రియైన నిమ్స్‌కు తెచ్చిరి. పుల్లకల్లు త్రాగినవాని బాధయు వాంతులతోనే మొదలగును గాని, మజ్జిగతోను, ఉప్పు పంచదార కలిపిన నీటితోను మఱునాటికి సర్దుకొనును. వీరి రక్తపీడనము మాత్రము పడిపోయినది, మూత్రపిండములు దెబ్బతినినవి, కొందఱికి డయాలిసిస్ చేయవలసివచ్చినది. దుకాణముల లైసెన్సులు రద్దయినవి, నిర్వాహకులు అరెస్టయిరి; లారీలు ఎక్కడి చెట్లనుండి ఎంత కల్లు తెచ్చినవను లెక్క మాత్రము ఆ సీసాలపై నేటికిని వ్రాయబడుట లేదు.