జనగామ, మానుకోట, భూపాలపల్లి: వైద్య శిక్షణ చరిత్ర

ఎం.డి., ఎం.ఎస్. పూర్తిచేసిన డాక్టరు ఒక్క విభాగం మీదే దృష్టిపెట్టి, అనుభవజ్ఞుల చేతికింద మరో ఏడాదో రెండేళ్ళో పనిచేస్తూ నేర్చుకునేది క్లినికల్ ఫెలోషిప్. పీహెచ్‌డీ తర్వాత అదే తీరున సాగే పరిశోధన పోస్ట్‌డాక్. అమెరికాలో 1919లో రాక్‌ఫెల్లర్ నిధులతో భౌతిక, రసాయన శాస్త్రాల వారికి ఇచ్చిన ఫెలోషిప్‌లు ఈ పద్ధతికి ఊపునిచ్చాయి. మన దేశంలో జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే ఎఫ్.ఎన్.బి. ఫెలోషిప్ రెండేళ్ళ చదువు.

జనగామ, మానుకోట (మహబూబాబాద్), భూపాలపల్లి జిల్లాల వైద్య చరిత్ర వరంగల్‌తో ముడిపడింది. 1959లో అక్కడ కాకతీయ మెడికల్ కాలేజీ వచ్చింది. ఎంజీఎం ఆసుపత్రే దాని బడి. జనగామలో జ్వరం ముదిరినా, మానుకోట తండాలో కాన్పు కష్టమైనా, చివరికి ఎంజీఎంకే తెచ్చేవారు. దాంతో డాక్టర్లు నేర్చుకున్నదీ అక్కడే. 1986 తర్వాత వైద్య విద్య వ్యవహారాలు విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం చేతికి వెళ్ళాయి. తెలంగాణ వచ్చాక, 2014లో, కాళోజీ నారాయణరావు పేరిట ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్‌లో ఏర్పడింది.

2016 అక్టోబరు 11న ఈ మూడూ జిల్లాలయ్యాయి. ఆ తర్వాత కళాశాలలు త్వరత్వరగా వచ్చాయి: 2022లో మహబూబాబాద్‌లో 150 సీట్లతో, 2023లో జనగామ, భూపాలపల్లిలలో 100 సీట్ల చొప్పున.

భవనాల కన్నా ఎక్కువ మార్పు తెచ్చింది 2020 నాటి ఒక నిబంధన. పీజీ విద్యార్థి మూడు, నాలుగు, అయిదు సెమిస్టర్లలో ఏదో ఒకదానిలో మూడు నెలలు జిల్లా ఆరోగ్య వ్యవస్థలో పనిచేయాలి. పెద్ద ఆసుపత్రిలో పరికరాల మధ్య నేర్చుకున్నవాళ్ళకు ఇది గట్టి పరీక్ష. పత్తిచేనులో పాము కరిచిన కూలీనే తీసుకోండి. శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో 2 మి.లీ. రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఆపైన వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారితే రక్తపింజర విషం ఎక్కిందని అనుమానించి యాంటీవీనమ్ మొదలుపెడతారు. ప్లాస్టిక్ ట్యూబు వాడితే ఫలితాన్ని నమ్మడానికి లేదు. కట్లపాము కాటులో రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. అప్పుడు రెప్పలు వాలుతున్నాయా, మాట ముద్దగా వస్తోందా అని చూడాలి. ఎంత పుస్తకం చదివినా, ఆ చూపు రోగి పక్కన నిలబడితేనే అలవడుతుంది.

ఫెలోషిప్‌ల విషయంలో మాత్రం ఇప్పటికీ ఎక్కువమంది చూపు హైదరాబాద్ వైపే. 1989లో విశ్వవిద్యాలయ హోదా పొందిన నిమ్స్ వైద్య సంస్థ అక్కడుంది. కానీ పురుగుమందు విషాలు, పాముకాట్లు, ఏజెన్సీ మండలాల మలేరియా, భూపాలపల్లి బొగ్గుగని కార్మికుల ఊపిరితిత్తుల జబ్బులు ఈ జిల్లాల్లోనే కళ్ళెదుట ఉన్నాయి. వాటి మీద ఫెలోషిప్ పెట్టడానికి ఇంతకన్నా తగిన చోటు రాష్ట్రంలో అరుదు.

దీనికి తొలి అడుగు సీనియర్ రెసిడెంట్ల నుంచే పడాలి. ఎం.డి. తర్వాత సాధారణంగా ఏడాది ఆ హోదాలో పనిచేశాకే అసిస్టెంట్ ప్రొఫెసర్ అవుతారు; అధ్యాపకులు నిలదొక్కుకుంటేనే పరిశోధనకు మార్గదర్శకులు దొరుకుతారు. 2024లో ములుగు, నర్సంపేటల్లో కూడా ప్రభుత్వ కళాశాలలు మొదలవడంతో ఆ ఉద్యోగాల అవసరం ఇంకా పెరిగింది.