ఒక పందెపు కారు రూపం, వేలగిరి శాసనం

హైదరాబాదు నుంచి బెజవాడ పోయే జాతీయ రహదారి మా చిల్లకల్లు మీదుగా సాగిపోతుంది. ఆ రోడ్డు పక్కన కాసేపు నిలబడినవారికి ఒక సంగతి బోధపడుతుంది. కంపెనీ ఒక్కటే అయినా ఏ రెండు లారీలూ ఒక్క తీరున ఉండవు. ఇంజనూ, చాసీ కంపెనీ నుంచి వస్తాయి. వాటిమీద చెక్కా రేకూ బిగించి, రంగులద్ది ఒక ఒళ్ళు ఇచ్చేవారు బెజవాడ ఆటోనగర్ వంటి చోట్ల బాడీలు కట్టే మేస్త్రీలు. లారీ నుదుట ఇలవేల్పు పేరుంటుంది, వెనుక యజమాని పిల్లల పేర్లుంటాయి. కట్టిన షెడ్డు పేరు ఒక మూల కనబడితే కనబడవచ్చు. రేకు వంచిన చేయి ఎవరిదో మాత్రం ఎక్కడా కనబడదు.

యంత్రం ఒకరిది, రూపం మరొకరిది, పేరు ఇంకొకరిది. ఈ చిక్కు మన ఆటోనగర్‌కే పరిమితం కాదు. అమెరికాలో 1959లో తయారైన ఒక పందెపు కారు చరిత్ర చదివినప్పుడు నాకు మొదట తోచింది ఇదే. దాని పేరు స్టింగ్ రే. ఒక్కటంటే ఒక్కటే కట్టారు. తోకలో విషపు ముల్లు దాచుకుని సముద్రం అడుగున చదునుగా ఈదే చేప పేరది. తెలుగు చెప్పుకునేవాడికి కార్లతో ఏమి పని అని మిత్రులు అనుకోవచ్చు. రూపం ఎక్కడినుంచి పుడుతుంది, ఒకరినుంచి ఒకరికి ఎలా సంక్రమిస్తుంది అన్నది అలంకారశాస్త్రం చదివినవాడి ప్రశ్నే కదా!

కథ హార్లీ ఎర్ల్ అనే ఆయనతో మొదలవుతుంది. 1893లో హాలీవుడ్‌లో పుట్టాడు. తండ్రి గుర్రపుబండ్లు కట్టేవాడు, కార్లు వచ్చాక వాటికి బాడీలు కట్టాడు. అంటే అక్కడి ఆటోనగర్ బిడ్డ అన్నమాట. సినీనటులకు ఎవరి అభిరుచికి తగ్గట్టు వారికి కార్లు చేసి పెట్టి పేరు తెచ్చుకున్న ఎర్ల్‌ను 1927లో జనరల్ మోటార్స్ సంస్థ పిలిపించి, కార్ల రూపం చూడడానికే ఒక విభాగం పెట్టి అప్పగించింది. అంతకుముందు కారు రూపం ఇంజనీరు పనిలో మిగిలిపోయిన పని. ఎర్ల్ దానిని మొదటి పని చేశాడు. మైనపుమట్టితో నిలువెత్తు నమూనా మలిచి, చేత్తో తడిమి చూసి, తరువాతే రేకు జోలికి పోవడం ఆయన పద్ధతి. మన బొమ్మల పనివారికి ఇది కొత్త సంగతి కాదు.

ఎర్ల్ అరువు తెచ్చుకోవడానికి సిగ్గుపడేవాడు కాదు. 1927 నాటి ఆయన లాసాల్ కారులో ఐరోపా వారి హిస్పానో-సుయిజా పోలికలు స్పష్టం. రెండవ ప్రపంచయుద్ధకాలపు లాక్‌హీడ్ పి-38 విమానపు జంట తోకలను చూసి, 1948 కాడిలాక్ కారుకు వెనుక చిన్న రెక్కలు మొలిపించాడు. పదేళ్ళు తిరిగేసరికి అమెరికా కార్లన్నిటికీ రెక్కలే. 1953 జనవరిలో న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్-ఆస్టోరియా హోటల్‌లో కార్వెట్ అనే రెండు సీట్ల తెల్లని కారును ప్రదర్శించాడు. ఒళ్ళు రేకుది కాదు, ఫైబర్‌గ్లాసుది. యుద్ధం ముగించుకుని ఇల్లు చేరిన అమెరికా సైనికులు ఇంగ్లండు నుంచి వెంట తెచ్చుకున్న చిన్న స్పోర్ట్స్ కార్ల మోజుకూ, జాగ్వార్ ఎక్స్‌కె 120 అందానికీ అమెరికా చెప్పుకున్న బదులది. రూపం బాగుంది గాని ఇంజను పాతది, ఆరు సిలిండర్లది. 1953లో కట్టినవి 300. 1955లో కట్టినవి 700 మాత్రమే. బయట జాగ్వారూ, లోపల సంసారపు కారూ అయిన ఆ పొసగనితనాన్ని మన పెద్దలు అనౌచిత్యం అంటారు. ఆ కొరత తీర్చడానికి పూనుకున్నవాడు బెల్జియంలో రష్యన్ యూదు దంపతులకు పుట్టిన ఇంజనీరు జోరా ఆర్కస్-డంటోవ్.

1957లో ఎర్ల్ కింద పనిచేసే బిల్ మిచెల్ ఇటలీలోని టూరిన్ కార్ల ప్రదర్శనకు వెళ్ళాడు. అక్కడి కొన్ని పందెపు కార్లకు ఒక విశేషముంది. కారు చుట్టూ నడుము ఎత్తున ఒక పదునైన అంచు తిరిగి ఉంటుంది. ఆ అంచుకు పైన చక్రాలున్న చోట మాత్రం ఒళ్ళు కండల్లా ఉబుకుతుంది. మిచెల్ తిరిగివచ్చి, ఆ దారిలో కొత్త కార్వెట్‌కు బొమ్మలు గీయమని కుర్రవాళ్ళకు చెప్పాడు. అందులో నెగ్గిన బొమ్మ పీటర్ బ్రాక్‌ది. అప్పటికి అతనికి ఇరవై ఒకటో ఏడు. అయితే ఆ కారు రోడ్డెక్కకుండానే ఆగిపోయింది. అదే 1957లో అమెరికా కార్ల కంపెనీలన్నీ పందేలకు దూరంగా ఉండాలని ఒప్పందం చేసుకున్నాయి కూడా.

1958 చివర ఎర్ల్ పదవీ విరమణ చేయగా మిచెల్ ఆ గద్దె ఎక్కాడు. ఆగిన బొమ్మ అతన్ని వదలలేదు. డంటోవ్ బృందం 1957లో పందేనికి సిద్ధం చేసిన కార్వెట్ ఎస్.ఎస్. అనే కారుకు అభ్యాసం కోసం కట్టిన జోడు చాసీ ఒకటి మూలపడి ఉంది. దానిని సంపాదించి, పాత బొమ్మకు కొత్తగా ఒళ్ళు పోయమని లారీ షినోడాకు ఇచ్చాడు. (మన రోడ్డు మీది లారీ కాదు, ఆయన పేరే అది.) కంపెనీ పందేలు మానింది గనుక కారు మీద కంపెనీ పేరు గాని కార్వెట్ పేరు గాని లేకుండా, మిచెల్ సొంత కారుగా అది పందెంలో దిగింది. 1959 ఏప్రిల్‌లో మేరీలాండ్ రాష్ట్రంలోని మార్ల్‌బరో మైదానంలో మొదటి పరుగు. నడిపినవాడు డిక్ థాంప్సన్, వృత్తిరీత్యా దంతవైద్యుడు. 1960లో తన తరగతిలో జాతీయ విజేతగా నిలిచింది.

లోపాలు లేవా? ఉన్నాయి. కంటికి గాలిని చీల్చుకుపోయేట్టు కనిపించే ఆ రూపం, నిజమైన వేగంలో విమానపు రెక్కలా పనిచేసి ముక్కును పైకి లేపేది. అందం వేగాన్ని స్ఫురింపజేయడం వేరు, వేగానికి పనికిరావడం వేరు. అయినా ఆ గీత గెలిచింది. 1963లో బజారుకొచ్చిన కార్వెట్ స్టింగ్ రే దాని కన్నబిడ్డే. ఆ ఏడు కట్టినవి 21,513. దాని వెనుక అద్దాన్ని నిలువునా రెండుగా చీల్చే వెన్నెముక వంటి పట్టీ మిచెల్ పట్టుదల. వెనుక ఏమొస్తున్నదో కనబడదని డంటోవ్ అభ్యంతరం. 1964లో పట్టీ పోయింది. చూసేవాడి కన్నూ నడిపేవాడి కన్నూ పడ్డ తగవు అది.

ఇక మాకో షార్క్ ముచ్చట. 1961లో మిచెల్ ఒక సొరచేప వన్నెలో మరో నమూనా కట్టించాడు. పైన ముదురు నీలం, కిందికి వచ్చేసరికి తెలుపు. తన గదిలోని సొరచేపకు అచ్చంగా రంగు కలవాలని ఆయన పట్టుబట్టాడట. ఎన్నిసార్లు వేసినా కుదరక, పనివారు రాత్రికి రాత్రి చేపను ఎత్తుకుపోయి, కారుకు సరిపోయేట్టు చేపకే రంగు వేశారట. మిచెల్ చూసి సంతోషించాడట. కథగా చెప్పుకునే మాట గనుక కథగానే చెబుతున్నాను. ఉపమేయానికి తగినట్టు ఉపమానాన్ని దిద్దడం మన ప్రబంధకవులకు తెలియని విద్య కాదు!

ఇన్ని అరువులున్న కారును సొంత సృష్టి అనవచ్చునా? తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం చివర ఈ ప్రశ్ననే ఎత్తుకున్నాడు. ఒకరి కావ్యం మరొకరి కావ్యాన్ని పోలడం మూడు విధాలు. అద్దంలో ప్రతిబింబంలా పోలడం ఒకటి, చిత్రపటంలా పోలడం రెండు, ఒక మనిషిని మరో మనిషి పోలడం మూడు. మొదటి రెండూ విడువదగినవి. మూడవది గ్రాహ్యం. ఎందుకంటే పోలిక ఉన్నా ఆ రెండో మనిషికి తనదైన ప్రాణముంది. 1953 కార్వెట్ జాగ్వార్‌కు చిత్రపటం వంటిది. స్టింగ్ రే మూడవ కోవలోది. నడుము అంచు ఇటలీది. ఆ అంచు కింద ఊపిరి తీసే ఒళ్ళు మాత్రం ఎవరిదీ కాదు, దానిదే.

ఎవరు పోశారు ఆ ఊపిరి? చాలాకాలం వినబడిన పేరు మిచెల్ ఒక్కడిదే. బ్రాక్, షినోడాల పేర్లు తరువాత తరువాత వెలికి వచ్చాయి. షినోడా 1930లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన జపాను సంతతివాడు. 1942లో అమెరికా ప్రభుత్వం లక్షా ఇరవై వేలమంది జపాను సంతతివారిని ఇళ్ళనుంచి తరలించి ముళ్ళకంచెల నడుమ ఉంచినప్పుడు, పన్నెండేళ్ళ ఈ పిల్లవాడు కుటుంబంతో మంజనార్ శిబిరంలో గడిపాడు. నీవు ఈ దేశపు వాడివి కావు పొమ్మన్న దేశానికే, పదిహేడేళ్ళ తరువాత, ఇది మా దేశపు కారు అని ఛాతీ విరుచుకునే రూపం ఇచ్చాడు. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా బరువైన మాట ఇదే.

మా ఊరికి కూతవేటులో జగ్గయ్యపేట ఉంది. అక్కడి ధనంబోడు మీది బౌద్ధస్తూపాన్ని 1882లో బర్జెస్ దొర పరిశీలించాడు. ఆ స్తూపం నుంచి మద్రాసు మ్యూజియం చేరిన మాంధాత చక్రవర్తి ఫలకం ప్రసిద్ధం. చక్రవర్తి చేయెత్తితే మేఘాలనుంచి నాణేలు కురుస్తుంటాయి. రెండువేల ఏళ్ళ నాటి ఆ సన్నని, పొడుగాటి రూపాలు చెక్కిన చేయి ఎవరిదో శిల మీద లేదు. అదే స్తూపానికి మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యో రాజ్యసంవత్సరంలో, తూర్పు వాకిట అయిదు ఆయకస్తంభాలు నిలిపినవాని పేరు మాత్రం ఉంది. సిద్ధార్థుడు. కమ్మకరాష్ట్రంలోని నడతూరు అతని తండ్రి ఊరు. తండ్రి నాగచందుడు. తండ్రీ కొడుకులిద్దరూ ఆవేసనులు, అంటే శిల్పకారులు. ఆ కొండ పేరు అప్పుడు వేలగిరి.

శిల్పి పేరు నిలిచింది కదా అని మొదట సంతోషించాను. మళ్ళీ చదివితే అసలు సంగతి అర్థమైంది. సిద్ధార్థుని పేరు నిలిచింది చెక్కినందుకు కాదు, దానం ఇచ్చినందుకు. ఇచ్చినవాడి పేరు రాతి మీదికి ఎక్కుతుంది, చేసినవాడి పేరు రాతిలో కలిసిపోతుంది. వేలగిరిలోనూ అంతే, డెట్రాయిట్‌లోనూ అంతే, మన ఆటోనగర్‌లోనూ అంతే. మిచెల్ తక్కువవాడని నా భావం కాదు. అతని కన్నూ, పట్టుదలా, జేబూ లేకుంటే ఆ కారు లేదు. కాని కన్ను ఒకరిదీ చేయి ఒకరిదీ అయినప్పుడు రెండు పేర్లూ చెప్పుకోవడం న్యాయం.

ఈసారి ఇటుగా వచ్చే మిత్రులు జగ్గయ్యపేటలో దిగి, ధనంబోడు ఎక్కి చూడండి. తిరిగి వెళ్ళేటప్పుడు ముందుపోయే లారీ వెనుక రాసినది చదవండి. అందులో లేని పేరును కూడా ఒకసారి తలచుకోండి.