పరీక్ష అయ్యాక పగిలింది

1999 నవంబర్ 3. అమెరికాలోని హంట్స్‌విల్. నాసా మార్షల్ కేంద్రంలో టెస్ట్ స్టాండ్ మీద ఎక్స్-33 అనే ప్రయోగాత్మక అంతరిక్ష వాహనం ఇంధన ట్యాంకు. కడుపునిండా ద్రవ హైడ్రోజన్. మైనస్ 253 డిగ్రీలు! లోపల ఒత్తిడి పెంచారు. ఎగిరేటప్పుడు పడే బరువుల్నీ మోపి చూశారు. చెక్కుచెదరలేదు. హమ్మయ్య అనుకుని హైడ్రోజన్ తోడేశారు. పరీక్ష అయిపోయినట్టే.

అవలేదు.

ఖాళీ ట్యాంకు మెల్లగా వేడెక్కుతోంది. ఉన్నట్టుండి గోడ పైపొర, దాని కింది తేనెపట్టు గూళ్లతో సహా, లోపలి పొర నుంచి ఊడి లేచింది. నిండుగా ఉండగా అంత బరువు మోసింది, ఖాళీ అయ్యాక ఎందుకు చిట్లింది?

జవాబు గోడలోనే ఉంది. రెండు పల్చటి కార్బన్ ఫైబర్ రేకులు, మధ్యలో ఆ గూళ్లు. ఒక్కో రేకులో మళ్లీ బోలెడు పొరలు, ఒక్కో పొరలో పోగులు ఒక్కో దిక్కుకి. గడ్డకట్టించే చలికి ప్రతి పొరా పోగుల వెంట దాదాపు కదలకుండా, అడ్డంగా మాత్రం ముడుచుకుపోవాలని చూస్తుంది, పక్క పొర దాన్ని కదలనివ్వదు, ఆ పెనుగులాటలో పోగుల మధ్య ఎపాక్సీ జిగురు సన్నగా, కంటికి ఆనకుండా చీలుతుంది. పోగులు తెగలేదు కనుక బలం దాదాపు అలాగే ఉంటుంది. పొరల పదార్థంతో అసలు తంటా ఇదే. ‘ఎంత బరువుకి విరుగుతుంది?’ అని అడిగితే సరిపోదు. ‘ఎప్పుడు కారుతుంది?’ అనీ అడగాలి. హైడ్రోజన్‌కి ఆ చీలికే వాకిలి.

దర్యాప్తు బృందం విప్పి చూసింది. లోపలి రేకు చీలికల్లోంచి హైడ్రోజన్ గూళ్లలోకి దూరింది. ఆ చలికి బయటి నైట్రోజన్ వాయువు కూడా లోపలికి లాక్కుపోయి ద్రవమైంది. ట్యాంకు వేడెక్కగానే అదంతా ఆవిరై ఉబ్బింది. బయటపడదామంటే, లోపలికి దారిచ్చిన చీలికలు అప్పటికే మూసుకుపోయాయి. పైగా రేకుకీ గూళ్లకీ మధ్య అతుకు ఉండాల్సినంత గట్టిగా లేదు, తయారీ లోపాలూ తోడయ్యాయి. ఇంకేం ఆగుతుంది?

అల్యూమినియం ట్యాంకు పెడదామన్నారు. కానీ 2001 మార్చిలో నాసా ప్రాజెక్టుకే డబ్బు ఆపేసింది. అప్పటికి ఆ సంస్థ ఖర్చు 90 కోట్ల డాలర్లు దాటింది. ఎక్స్-33 ఒక్కసారైనా నేల వదల్లేదు.